1సీ ఏమైంది మేడమ్?

ఫార్మకాలజీ క్లాసులో సెరొటోనిన్ (5-హెచ్‌టీ అన్నా అదే) రిసెప్టర్ల, అంటే కణం మీద ఆ అణువు వచ్చి తట్టే ప్రొటీన్ల, పట్టిక బోర్డు మీద రాసిన ప్రతిసారీ ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. ఈ ఏడాది ఎత్తింది నరసరావుపేట నుంచి కాలేజీ బస్సులో వచ్చే అమ్మాయి. "మేడమ్, 1ఏ, 1బీ రాశారు. తర్వాత సరాసరి 1డీకి వెళ్లిపోయారు. 1సీ ఏమైంది?" వెనక బెంచీ అబ్బాయి అప్పటికే గైడు తిరగేసి, "ఇందులోనూ లేదే, ప్రింట్ మిస్టేకేమో" అన్నాడు. జీప్యాట్‌కి (ఎం.ఫార్మ్ ప్రవేశ పరీక్షకి) చదివేవాళ్లకు ఆ ఖాళీతో పని లేదు. 5-హెచ్‌టీ3 ఒక్కటే అయాన్ చానల్, మిగతావన్నీ జీ ప్రొటీన్‌తో పనిచేసేవి, ఆండాన్‌సెట్రాన్ దేని మీద, సుమట్రిప్టాన్ దేని మీద... ఇంత తెలిస్తే మార్కులు పడిపోతాయి. నాకు మాత్రం ఆ పట్టిక మొత్తంలో ఇష్టమైన గడి ఆ లేని గడే.

ఏడు కుటుంబాలు, మొత్తం 14 రిసెప్టర్లు. ఒక్క అణువుకి ఇన్ని. పుస్తకంలో చూస్తే ప్రకృతే గీతలు గీసి చేతికిచ్చినట్టుంటుంది. నిజానికి అది దాదాపు 40 ఏళ్లపాటు మనుషులు వాదించుకుని, రాజీపడి, కొట్టేసి మళ్లీ రాసుకున్న కాగితం. ఈ రెండు రిసెప్టర్లు వేరువేరు అని దేన్నిబట్టి చెప్తాం? కండరం ఎలా ముడుచుకుందో చూసా? మందు ఎంత గట్టిగా అతుక్కుందో కొలిచా? జన్యువు చదివా? ఆ ప్రశ్నకు జవాబు మారినప్పుడల్లా పట్టిక మారింది. నేను క్లాసులో చెప్పాలనుకుని బెల్లు కొట్టడంతో ఆగిపోయింది ఇదే, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి జవాబు పేగు ఇచ్చింది. సెరొటోనిన్‌ను 1948లో క్లీవ్‌లాండ్‌లో మారిస్ రాపోర్ట్, ఆర్డా గ్రీన్, అర్విన్ పేజ్ రక్తపు సీరం నుంచి విడదీశారు. వాళ్లు వెతికింది రక్తనాళాలను బిగించే పదార్థం కోసం. అంతకు చాలా ముందే ఇటలీలో విట్టోరియో ఎర్‌స్పామర్ పేగు గోడ కణాల నుంచి ఒక పదార్థం తీసి 'ఎంటెరమీన్' అని పేరు పెట్టుకున్నాడు. రెండూ ఒకటేనని 1952లో తేలింది. మరుసటి ఏడు బెట్టీ ట్వారోగ్, పేజ్ కలిసి అది మెదడులోనూ ఉందని చూపించారు. 'హ్యాపీ హార్మోన్' అంటూ దాన్ని మెదడుకే కట్టేసే వాట్సాప్ మెసేజీలు నాకూ వస్తుంటాయి. ఒంట్లో ఉన్న సెరొటోనిన్‌లో 90 శాతానికి పైగా ఉండేది జీర్ణనాళంలో.

అందుకని దాన్ని పరీక్షించడానికి పేగు ముక్కే వాడారు. ఇప్పటి మా విద్యార్థులు ఈ ప్రయోగాన్ని కంప్యూటర్ స్క్రీన్ మీద మౌస్‌తో నొక్కి చేస్తారు. జంతువులు బతికిపోయాయి, ఆ మేరకు మంచిదే. మేము చదువుకునే రోజుల్లో కోడి పేగుతో చేసేవాళ్లం. పొద్దున్నే టైరోడ్ ద్రావణం (పేగును బతికించి ఉంచే ఉప్పునీళ్లు) పోసిన ఫ్లాస్కు పట్టుకుని చికెన్ షాపు ముందు నిలబడితే, ఆయన కోసిన వెంటనే పేగు తీసి అందులో వేసేవాడు. ల్యాబ్‌కొచ్చాక రెండు మూడు సెంటీమీటర్ల ముక్క కోసి, లోపల ఉన్నదంతా మెల్లగా కడిగి, రెండు చివర్లా దారం కట్టాలి. దారం పేగు నోటిని మూసేయకూడదు, ఒక పక్క గోడకే సూదితో తీసి ముడెయ్యాలి. దాన్ని వెచ్చటి ద్రావణంలో వేలాడదీసి, కింద నుంచి గాలి బుడగలు వదిలి, పై దారాన్ని లీవరుకు కట్టాలి. లీవరు కొన మసిపట్టించిన కాగితం చుట్టిన డ్రమ్మును తాకీ తాకనట్టు ఉండాలి. గట్టిగా తాకితే లేవదు, వదులుగా ఉంటే గీత పడదు. పేగు కుదుటపడేదాకా ఒక అరగంట ఊరుకోవాలి. తర్వాత మందు చుక్క వేస్తే పేగు ముడుచుకుంటుంది, లీవరు లేస్తుంది, నల్లటి మసిలో తెల్లగా ఒక గీత నిలబడుతుంది. కడిగి, ఆగి, ఇంకో డోసు. ఆఖర్న కాగితం విప్పి వార్నిష్‌లో ముంచి ఆరేసేదాకా గ్రూపు మొత్తానికి టెన్షనే. ఎవరి మోచెయ్యి తగిలినా పొద్దుటి నుంచి చేసిందంతా చెరిగిపోతుంది.

ఎడిన్‌బరోలో జాన్ గాడమ్, బ్రెజిల్ నుంచి వచ్చిన జులైకా పికరెల్లి ఇలాంటి ఏర్పాటులోనే గినీ పిగ్ ఇలియం (చిన్నపేగు చివరి భాగం) ముక్కను వేలాడదీశారు. సెరొటోనిన్ వేస్తే ముడుచుకుంది. డైబెంజిలిన్ అనే మందు ముందుగా వేసి మళ్లీ సెరొటోనిన్ వేస్తే ముడుచుకోవడం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. డోసు పెంచినా కొంత మిగిలే ఉంది. మార్ఫిన్‌తోనూ అంతే, కొంత పోయింది, కొంత మిగిలింది. డైబెంజిలిన్ మిగిల్చినదాన్ని మార్ఫిన్ తుడిచేసింది, మార్ఫిన్ మిగిల్చినదాన్ని డైబెంజిలిన్ తుడిచేసింది. అంటే ఒకే పేగులో రెండు రకాల రిసెప్టర్లున్నాయి. 1957లో వాళ్లు రాసిన పేపర్ సారాంశం ఇంతే. డైబెంజిలిన్‌కి లొంగేది 'డీ', మార్ఫిన్‌కి లొంగేది 'ఎం'. డీ కండరం మీద ఉంది, ఎం నరం మీద ఉంది.

ఈ పేపర్‌లో నాకు నచ్చేది ఒకటుంది. వాళ్ల చేతిలో ఉన్న రెండు మందులూ సరైనవి కావు. మార్ఫిన్ ఎం రిసెప్టర్‌ను అసలు ముట్టుకోదు, నరం నుంచి ఎసిటైల్‌కోలిన్ బయటికి రాకుండా చేస్తుందంతే. డైబెంజిలిన్ సంగతి సరేసరి, అది అడ్రినలిన్ రిసెప్టర్లనూ హిస్టమిన్ రిసెప్టర్లనూ కూడా మూసేస్తుంది. అయినా తేల్చిన విషయం నిలబడింది, ఎందుకంటే తర్కమంతా మిగిలిపోయిన గీత మీద ఉంది. ఇవాళ ఎంతో శుద్ధమైన మందులు పెట్టుకుని కూడా ఇంత శుభ్రంగా ఆలోచించని థీసిస్‌లు నేను దిద్దుతూనే ఉన్నాను. (గాడమ్ 1953లో ఎల్‌ఎస్‌డీ తానే మింగి చూసుకున్న మనిషి. సెరొటోనిన్ పనిని ఎల్‌ఎస్‌డీ అడ్డుకుంటుందని గర్భాశయ కండరం మీద చూశాక, మెదడులో ఏం చేస్తుందో తెలుసుకోవాలనుకున్నాడు. ఈ మాట చెప్పినప్పుడు మాత్రం క్లాసులో ఒక్కరూ నిద్రపోరు.)

రెండో జవాబు బాల్టిమోర్ నుంచి వచ్చింది. 1979లో జాన్స్ హాప్‌కిన్స్‌లో స్టీఫెన్ పెరూట్కా, సాలమన్ స్నైడర్ పేగును పక్కన పెట్టేశారు. ఎలుక మెదడును మెత్తగా రుబ్బి, ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) తగిలించిన మందుతో కలిపి, సన్నటి గాజునార ఫిల్టర్ మీద వడకట్టి, ఎంత రేడియోధార్మికత అతుక్కుని ఉందో లెక్కపెట్టారు. ముడుచుకోవడాలు లేవు, గీతలు లేవు, అంకెలే. ట్రిటియం సెరొటోనిన్ గట్టిగా పట్టుకున్న చోటు 5-హెచ్‌టీ1. మానసిక వ్యాధులకు వాడే మందుల కోవలోని స్పిపెరోన్ పట్టుకున్న చోటు 5-హెచ్‌టీ2. ఎల్‌ఎస్‌డీ రెండిటికీ అతుక్కుంది. రెండేళ్లకే ఇంకొకరు 5-హెచ్‌టీ1 స్థానాలు కూడా అన్నీ ఒకటి కావని గమనించి ఏ, బీ అని చీల్చారు.

దాంతో ఊరికి రెండు పంచాయతీలైనట్టయింది. పేగువాళ్లు డీ, ఎం అంటారు. మెదడువాళ్లు 1, 2 అంటారు. డీ అంటే 2 అని సర్దుకోవచ్చు. ఎం మాత్రం ఆ అంకెల్లో ఎక్కడా లేదు, ఆ పద్ధతికి దొరకలేదు మరి. మెదడువాళ్ల 1కి కండరాల్లో ఏం పని ఉందో చూపమంటే వాళ్ల దగ్గర సమాధానం తక్కువ. 'అతుక్కుంది' అంటే 'పనిచేసింది' అని కాదు కదా! నా ఓటు ఎప్పుడూ పేగువాళ్లకే. అతుక్కునే చోట్లు ఫిల్టర్ కాగితం మీద కూడా దొరుకుతాయి.

రాజీ 1986లో కుదిరింది. ఫిలిప్ బ్రాడ్లీ మొదటి పేరుగా, కొంతమంది కలిసి ఒక ప్రతిపాదన రాశారు. అందులో రోటర్‌డామ్‌లోని ఎరాస్మస్ యూనివర్సిటీ నుంచి ప్రమోద్ సక్సేనా పేరు కూడా ఉంటుంది. మనవాళ్ల పేరు కనిపిస్తే పిల్లలు కాస్త నిటారుగా కూర్చుంటారని నేను దాన్ని తప్పకుండా చెప్తాను. 5-హెచ్‌టీ1 లాంటివి, 5-హెచ్‌టీ2, 5-హెచ్‌టీ3 అని మూడు గుంపులు చేశారు. డీ వెళ్లి 2లో కలిసింది. ఎం పేరు 3 అయింది. పేగులో 1957లో దొరికిన ఆ ఎం మెదడులోనూ ఉందని 1987లో గ్లాక్సోవాళ్లు చూపించారు. కీమో చేయించుకున్నవాళ్లకు వాంతులు ఆపే ఆండాన్‌సెట్రాన్ దాన్ని మూసే మందే. సిస్‌ప్లాటిన్ పేగు కణాలను దెబ్బతీస్తే అవి సెరొటోనిన్‌ను కుమ్మరిస్తాయి. అది వేగస్ నరం కొసల మీదున్న 5-హెచ్‌టీ3ని తట్టి మెదడుకు వాంతి సంకేతం పంపుతుంది. మెడికల్ షాపులో 'ఎమెసెట్' అని అడిగి కొనుక్కునే ఆ చిన్న మాత్ర వెనక గినీ పిగ్ పేగులో మిగిలిపోయిన ఆ గీత ఉంది.

ఇక 1సీ. 1984లో స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీలో పాజోస్, హోయర్, పలాసియోస్ పంది మెదడులో కోరాయిడ్ ప్లెక్సస్ అనే భాగాన్ని చూశారు. మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తయారుచేసేది అదే. అక్కడ ట్రిటియం సెరొటోనిన్ బాగా గట్టిగా అతుక్కుంది, కానీ 1ఏ లక్షణాలూ లేవు, 1బీ లక్షణాలూ లేవు. సెరొటోనిన్ గట్టిగా అతుక్కునేదంతా 1 కిందికే వస్తుందని అప్పటి రూలు. కాబట్టి దానికి 1సీ అని పేరు పెట్టారు. రూలు ప్రకారం చేసిన పనిలో తప్పేమీ లేదు.

తర్వాత ఒక్కొక్కటే అడ్డం తిరగడం మొదలైంది. 1 కుటుంబంవి కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును తగ్గిస్తాయి. ఇది ఆ పని చెయ్యదు, 5-హెచ్‌టీ2 లాగా ఫాస్ఫోఇనోసిటైడ్లు అనే కణపొర కొవ్వులను విరగ్గొడుతుంది. 1988లో డేవిడ్ జూలియస్ బృందం దాని జన్యువును పట్టుకుంది. మిరపకాయ మంట రిసెప్టర్‌కి 2021లో నోబెల్ అందుకున్న జూలియస్ ఈయనే. గుంటూరు పిల్లలకు ఆ విషయం వేరే చెప్పాలా! అదే ఏడు 5-హెచ్‌టీ2 జన్యువూ దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, కణపొరలో దూరి ఉండే భాగాల్లో దాదాపు 80 శాతం ఒకటే. ఇల్లు 2 కుటుంబంలో, పేరు 1లో. అప్పుడు దాన్ని అక్కణ్ణుంచి తీసి 2సీ అన్నారు. పాత 5-హెచ్‌టీ2కి 2ఏ అని పేరొచ్చింది. ఎలుక పొట్ట పైభాగంలో సెరొటోనిన్‌కి ముడుచుకునే ఒక రిసెప్టర్ 1957 నుంచీ ఏ కుటుంబంలోనూ చేరకుండా తిరుగుతోంది, దాన్ని 2బీ చేశారు. 1994లో అంతర్జాతీయ ఫార్మకాలజీ సంఘం తరఫున హోయర్ తదితరులు అచ్చేసిన పట్టికలో 1సీ స్థానం ఖాళీగా వదిలేశారు. ఇంకెవరికీ ఆ పేరు ఇవ్వలేదు. ఇస్తే పాత పేపర్లు చదివేవాళ్ల గతేం కాను?

ఆ 1994 పట్టికలో రూలు కూడా మారింది. ఒక్క కొలమానం చాలదన్నారు. మందులకు ఎలా స్పందిస్తుంది, కణం లోపల ఏ సంకేతం పంపుతుంది, అమైనో ఆమ్లాల వరుస ఏమిటి... మూడూ చూడాలి. జన్యువు దొరికింది గానీ ఒంట్లో దాని పనేమిటో ఇంకా తేలనివాటికి పేరును ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో రాయాలని నియమం పెట్టారు. ఉద్యోగంలో చేరినా ప్రొబేషన్ పూర్తి కానివాళ్ల లాంటివన్నమాట. 5, 6, 7, 1ఈ అలా చిన్న అక్షరాలతోనే పట్టికలోకి వచ్చాయి. 7 తొందరగానే పర్మనెంట్ అయింది. 5బీ మనుషుల్లో పనిచెయ్యదు, జన్యువు మధ్యలోనే ఆగిపోయే సంకేతాలున్నాయి. 1ఈ మనుషుల్లో ఉంది, ఎలుకలోనూ చిట్టెలుకలోనూ అసలు ఆ జన్యువే లేదు. ల్యాబ్‌లన్నీ నడిచేది ఆ రెండు జంతువుల మీదే కాబట్టి దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

1బీ, 1డీల గొడవ ఇంకొంచెం దగ్గరగా నాకు తగిలింది, ఎందుకంటే నాకు ఇంటర్ రోజుల నుంచీ మైగ్రేన్ ఉంది. 1బీ ఎలుకల్లోనే ఉంటుందని, మనుషుల్లో దాని బదులు 1డీ ఉంటుందని చాలాకాలం నమ్మారు. మందులతో పరీక్షిస్తే రెండూ వేరువేరుగానే కనిపించాయి. ప్రొప్రనొలాల్ అనే బీపీ మందు ఎలుకదానికి బాగా అతుక్కుంటుంది, మనిషిదానికి అతుక్కోదు. జన్యువులు వచ్చాక చూస్తే మనిషిలో 1డీ అనుకున్నవి రెండున్నాయి, ఆల్ఫా, బీటా అన్నారు. అందులో బీటా, ఎలుక 1బీ ఒకే రిసెప్టర్! తేడా అంతా 355వ స్థానంలో ఉంది. మనిషికి అక్కడ థ్రియొనిన్, ఎలుకకు దానికి సరిపోయే చోట ఆస్పరజిన్. మనిషి రిసెప్టర్‌లో ఆ ఒక్క అమైనో ఆమ్లం మార్చి చూస్తే మందులకు అది ఎలుకదానిలాగే స్పందించింది. 1992లో ఇది అచ్చయింది. 1996లో బీటాను 1బీ అని, ఆల్ఫాను వట్టి 1డీ అని మార్చారు.

మైగ్రేన్ మందు సుమట్రిప్టాన్ అప్పటికే మార్కెట్లో ఉంది. గ్లాక్సోలో పాట్రిక్ హంఫ్రీ బృందం దాన్ని కుక్క కాలి సిర ముక్క ఎలా బిగుసుకుంటుందో చూస్తూ తయారుచేసింది. 1991లో విడుదలైనప్పుడు అది '5-హెచ్‌టీ1 లాంటిదాని' మీద పనిచేసే మందు. తర్వాత పుస్తకాల్లో 1డీ మందు. ఇప్పుడు 1బీ, 1డీ మందు. మాత్ర అదే, నా తలనొప్పీ అదే. ఎడమ కంటి వెనక పోటు మొదలై ట్యూబ్‌లైట్ చూడలేని స్థితికి వచ్చేలోపు 50 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే, కాసేపటికి మెడ, ఛాతీ పైభాగం బిగుసుకున్నట్టు అనిపించి, తర్వాత నొప్పి దిగిపోతుంది. మొదటిసారి రాసిచ్చే ముందు డాక్టరుగారు బీపీ చూసి, గుండె జబ్బు ఉందా అని రెండుసార్లు అడిగారు. ఆ ప్రశ్న 1బీ వల్ల వచ్చింది. గుండె ధమనుల మీదా అదే ఉంటుంది, తలలో నాళాలను బిగించేది అక్కడా కొంత బిగిస్తుంది. రక్తనాళాలను బిగించకుండా 1ఎఫ్ ఒక్కదాని మీద పనిచేసే లాస్మిడిటాన్‌కు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. వర్గీకరణలో ఒక అక్షరం మారితే ఎవరికి ఆ మందు ఇవ్వచ్చో మారుతుంది.

పాత పేపర్లు చదివే ఎం.ఫార్మ్ పిల్లలకు నేను చెప్పేది ఒకటే, ముందు సంవత్సరం చూడండి. 1985 పేపర్‌లో ఉత్త '5-హెచ్‌టీ2' అని ఉంటే దాన్ని 2ఏ అని చదువుకోండి. 1990లో 1సీ అంటే ఇప్పటి 2సీ. 1995లో 1డీ బీటా అంటే 1బీ. సెమినార్‌లో ఈ మూడూ కలిపి చదివేసి ఒకేదాని గురించి మాట్లాడుతున్నామనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

అక్షరం ఖరీదు ఎంతో తెలియాలంటే మాత్రం 2బీని చూడాలి. ఫెన్‌ఫ్లురమిన్ ఆకలి తగ్గించే మందు. ఆ ఆకలి తగ్గడం ముఖ్యంగా 2సీ ద్వారా. ఒంట్లోకి వెళ్లాక అది నార్‌ఫెన్‌ఫ్లురమిన్‌గా మారుతుంది, అది పక్కనున్న 2బీని కూడా గట్టిగా ప్రేరేపిస్తుంది. గుండె కవాటాల కణాల మీద 2బీ ఉంటుంది. దాన్ని ఆ పదార్థం ఊరికే తట్టుతూ ఉంటే ఆ కణాలు పెరిగి కవాటం మందమవుతుంది, సరిగ్గా మూసుకోదు. 1997లో మేయో క్లినిక్ డాక్టర్లు ఫెన్‌ఫ్లురమిన్, ఫెంటర్‌మిన్ కలిపి వాడిన 24 మంది మహిళల్లో కవాట జబ్బు చూశామని రాశారు. అదే ఏడు సెప్టెంబరులో ఫెన్‌ఫ్లురమిన్‌ను అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. దోషి 2బీ అని 2000లో తేలింది. ఎలుక పొట్టలో ఎక్కడా ఇమడక తిరిగిన రిసెప్టర్ ఇదే. అదే ఫెన్‌ఫ్లురమిన్ 2020లో తక్కువ డోసులో, గుండెకు ఎకో తీస్తూ, డ్రావే సిండ్రోమ్ అనే మొండి మూర్ఛ ఉన్న పిల్లల కోసం తిరిగొచ్చింది.

మా దగ్గర చదివి ఇప్పుడు హైదరాబాద్‌లో డ్రగ్ డిస్కవరీ ల్యాబ్‌లో పనిచేస్తున్న కుర్రాడొకడు పండక్కి వచ్చినప్పుడు చెప్పాడు, "కొత్త మాలిక్యూల్ ఏదొచ్చినా ముందు 2బీకి పంపుతాం మేడమ్. దాన్ని యాక్టివేట్ చేసిందంటే ఇక ఆ సిరీస్ గురించి మాట్లాడుకోవడం దండగ." చిన్న అక్షరాలతో మొదలైన 5-హెచ్‌టీ6 మీద హైదరాబాద్‌లోనే సువెన్ లైఫ్ సైన్సెస్ ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ రిసెప్టర్ దాదాపు అంతా మెదడులోనే ఉంటుంది కాబట్టి అల్జీమర్స్‌లో జ్ఞాపకశక్తికి పనికొస్తుందని అందరూ ఆశపడ్డారు. దాన్ని మూసే ఐడలోపిర్డిన్, ఇంటెపిర్డిన్ అనే మందులు ఫేజ్ 3లో (పెద్ద ఎత్తున రోగుల మీద జరిగే చివరి పరీక్షలో) ఓడిపోయాయి. సువెన్ వాళ్ల మసుపిర్డిన్ కూడా 2019లో ఫేజ్ 2లో జ్ఞాపకశక్తి విషయంలో గట్టెక్కలేదు. అయితే ఆ ట్రయల్ లెక్కలు మళ్లీ తిరగేస్తే, ఊరికే కోపం తెచ్చుకుని అటూ ఇటూ తిరుగుతూ ఇంట్లోవాళ్లను నిద్రపోనివ్వని రోగుల్లో ఆ ఆందోళన తగ్గినట్టు కనిపించింది. ఇప్పుడు దాని ఫేజ్ 3 ఆ ఆందోళన కోసమే పెట్టారు.